హజరత్తయ్య పంపిన ఐసు

పోలేరమ్మకు చదువు రాదు. ఇందుకూరుపేట వైపు సముద్రం పక్కనున్న పల్లెలో పుట్టింది. పలక పట్టే వయసులో తట్ట పట్టింది. పెళ్ళయి వాకాడు అవతల పాళేనికి వచ్చాక కూడా ఆ తట్ట నెత్తి దిగలేదు. పొద్దున ఒడ్డున చేపలు కొనడం, ఆటో ఎక్కి ఊళ్ళలో తిరిగి అమ్మడం, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించడం. ఇంతే ఆమె బతుకు. ఇంతకన్నా కావాలని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

ఆమె మొగుడు హజరత్తయ్య. బోటు మీద ఉన్నంతసేపూ నోట మాట రాని మనిషి. ఒడ్డుకొచ్చాడంటే మాత్రం ఆ నోరు మూతపడదు. ఒక్కతే కూతురు వినీలను చిల్లకూరులో ఇచ్చారు. ఇంట్లో మిగిలింది ఇద్దరు, ఒక ఫైబరు బోటు, రెండు ఫోన్లు.

ఫోను సంగతి చెప్పాలి. ఎండాకాలంలో చేపలు గుడ్లు పెట్టే రెండు నెలలూ సర్కారు వేట ఆపేస్తుంది. ఆ రెండు నెలలూ పాళెం మగవాళ్ళకు పొద్దు గడవదు. వలలు అల్లుకుంటారు, బోట్లకు రంగులేసుకుంటారు, అయినా పొద్దు మిగిలిపోతుంది. ఆ మిగిలిన పొద్దంతా ఫోన్లో వేటకు పోతారు. 'కడలి వేట' అని ఒక ఆట ఉంది. అందులో అందరికీ తలా ఒక బోటు ఇస్తారు. వల వేయాలి, చేపలు పట్టాలి, అమ్ముకోవాలి. నిజం సముద్రం మీదికి పోకూడదన్నారని అబద్ధం సముద్రం మీదికి పోతారు. ఆడవాళ్ళు నవ్వుతారు. మగవాళ్ళకు సిగ్గు లేదు.

ఒక వేసవిలో హజరత్తయ్య పెళ్ళాం దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు.

"మే, నీ ఫోను ఇట్టా ఇయ్యి."

"దేనికి?"

"నాకు ఐసు పంపించే మనిషి కావాల."

"ఫోన్లో ఐసేంది యోవ్? ఎండదెబ్బ తగిలిందా ఏంది నీకు?"

అప్పుడు పక్కన కూర్చుని చెప్పాడు. ఆటలో పట్టిన చేప అమ్మేలోగా కుళ్ళిపోతుంది. కుళ్ళకుండా ఐసు వేయాలి. ఆ ఐసు ఊరికే రాదు. పూటంతా కాచుకోవాలి, లేదంటే వచ్చే ప్రకటనలన్నీ చూడాలి, అదీ కాదంటే డబ్బు పెట్టి కొనాలి. ఇవేవీ వద్దనుకుంటే ఆటలో ఉన్న మనవాళ్ళెవరైనా పంపాలి.

"కొనేవాళ్ళు కొనుక్కుంటారు మే. మనబోటోళ్ళకి పెళ్ళాం ఉండాల" అన్నాడు.

ఆమె తిట్టింది, ఫోను ఇచ్చింది. అంతకుముందే వినీలను కూడా ఐసు కోసమే ఆటలో చేర్పించాడు గానీ, ఆ పిల్ల పెళ్ళయి పోయాక ఆట ముఖం చూడలేదు. పోలేరమ్మ పేరు పక్కన పెట్టడానికి ఫోటో తనే తీశాడు. ఎండకు కళ్ళు చికిలించి, తట్ట చంకన పెట్టుకుని, తిట్టడానికి నోరు తెరవబోతున్న ఫోటో. తన పేరు పక్కన మాత్రం పెద్ద వంజరం చేప ఎత్తి పట్టుకుని నవ్వుతున్నది పెట్టుకున్నాడు. చదువు రాకపోయినా ఆమెకు ఆ వంజరం తెలుసు. ఐసు వచ్చినప్పుడు ఫోను గుడి గంటలా ఒక్కసారి 'టంగ్' అంటుంది. తెర మీద వంజరంతో హజరత్తయ్య కనిపిస్తాడు. ఎక్కడ నొక్కాలో ఆయనే నేర్పించాడు.

వేట మళ్ళీ మొదలయ్యాక ఆ ఆటకు వేరే పని దొరికింది. నడి సముద్రంలో ఫోను పలకదు. తిరిగొచ్చేటప్పుడు టవరు అందే చోటికి బోటు రాగానే హజరత్తయ్య చేసే మొదటి పని పెళ్ళానికి ఐసు పంపడం. ఫోను చేయొచ్చు గదా అంటే ఒప్పుకునేవాడు కాదు.

"మోటారు చప్పుడులో నీ మాట నాకు వినపడదు, నా మాట నీకు వినపడదు. ఇద్దరం అరుచుకుంటాం. ఐసైతే ఒక్క వేలితో అయిపోద్ది" అనేవాడు.

ఇంట్లో 'టంగ్' అనేది. పోలేరమ్మ చేతిలో పని వదిలేసి ఎసరు పెట్టేది. అన్నం ఉడికి వార్చేసరికి బోటు ఇసకను తాకేది. కొన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఐసు వచ్చిందంటే మనిషి వస్తున్నాడని అర్థం. ఆ లెక్క ఒక్కనాడూ తప్పలేదు.

కార్తీకంలో సముద్రం తిరగబడింది. అల్పపీడనం వస్తుందన్నారు గానీ అది ఇంకా దూరంలోనే ఉందని, ఒక్క విడత వల వేసి వచ్చేద్దామని హజరత్తయ్య, పెంచల్ బోటు దించారు. పెంచల్ ఆయనకు తమ్ముడి వరస. ఒక అల బోటును పళ్ళెం బోర్లించినట్టు బోర్లించింది. ఐసుపెట్టె ఒకటి తేలుతూ కనిపిస్తే హజరత్తయ్య దాన్ని పెంచల్ వైపు తోశాడు. పెంచల్ దాన్ని వాటేసుకుని తూపిలిపాళెం దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. హజరత్తయ్య రాలేదు. ఆయన రాలేదు, ఆయన ఒళ్ళూ రాలేదు.

మనిషి దొరకకపోతే ఆ పాళెంలో ఒక పద్ధతి ఉంది. సముద్రం తిరిగి ఇస్తుందేమోనని కొన్నాళ్ళు చూస్తారు. ఇవ్వకపోతే దర్భగడ్డితో మనిషిని కట్టి, పోయినవాడి చొక్కా తొడిగి, లుంగీ చుట్టి, ఒడ్డున నిప్పు పెడతారు. అప్పటిదాకా పెళ్ళాం గాజులు, బొట్టు అట్టాగే ఉంటాయి. ఆమె ముత్తైదువ కాదు, విధవ కాదు. ఆమెను పేరంటానికి పిలవరు, పిలవకుండానూ ఉండలేరు. ఎదురొస్తే ఏం చేయాలో తెలియక జనం చూపు తిప్పుకుంటారు.

పోలేరమ్మ ఏడవలేదు. ఏడిస్తే పోయాడని ఒప్పుకున్నట్టే గదా అని ఆమె భయం. తట్ట మూలన పెట్టేసింది, ఫోను గూట్లో పడేసింది. దానికి చార్జింగు పెడుతున్నది కూడా, అమ్మ ఒంటరిగా ఉంటే ఎట్టా అని వచ్చి కూర్చున్న వినీలే.

చివరికి పాళెంలో మంచీచెడూ చూసే పెద్దకాపు చిన్నబాబు ఒక మధ్యాహ్నం వచ్చాడు. పోలేరమ్మకు మామ వరస. అరుగు మీద కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"అమ్మీ, అమావాస్య వస్తాంది" అన్నాడు. "ఇంక వాడిని అట్టా నీళ్ళలో వదిలేస్తే మంచిది కాదు. దర్భ కోయించమంటావా?"

ఆమె తల వంచుకుంది. సరేననడానికి నోరు తెరిచింది.

గూట్లో ఫోను 'టంగ్' అన్నది.

పోలేరమ్మ లేచి ఫోను తీసింది. తెర మీద వంజరం పట్టుకుని హజరత్తయ్య నవ్వుతున్నాడు. ఆమె ఫోనును కొంగుతో తుడిచి మళ్ళీ చూసింది. ఆయనే. గబగబా లోపలికి పోయి ఎసరు పెట్టింది. పొయ్యి దగ్గరనుంచే కేకేసింది.

"మామా, లేవబాక! బోటు వస్తాంది. అన్నం తిని పో."

చిన్నబాబు వినీల ముఖం చూశాడు. వినీల నేల చూసింది.

అన్నం వార్చి పోలేరమ్మ ఒడ్డుకు పరుగెత్తింది. బోట్లన్నీ ఇసక మీదే ఉన్నాయి. సముద్రం మీద ఒక్క బోటు లేదు. చీకటి పడేదాకా నిలబడి తిరిగొచ్చింది. ఆశ చావలేదు సరిగదా, దారంతా పెరుగుతూ వచ్చింది. ఈ ఒడ్డు కాకపోతే ఇంకో ఒడ్డు. ఎక్కడో ఒకచోట ఆయనకు టవరు అందింది. గాలికి కొట్టుకుపోయి పరాయి దేశంలో తేలినవాళ్ళు లేరా? అక్కడివాళ్ళు పట్టుకుని ఉంచితే మళ్ళీ ఇల్లు చేరినవాళ్ళు లేరా?

"దర్భ లేదు, గిర్భ లేదు" అన్నది వినీలతో. "మీ నాయన బతికుండాడు."

మరునాటినుంచి తట్ట మళ్ళీ నెత్తికెత్తుకుంది. బేరాలకు పోతున్నదంటే పోతున్నది గానీ ఒక చేతిలో ఫోను వదలదు. అంతకుముందు ఐసు తీసుకోవడం, పంపడం తప్ప ఆటలో ఆమెకు ఏమీ తెలియదు. ఇప్పుడు పొద్దస్తమానం అందులోనే. లోపలికి పోయిన ప్రతిసారీ ఒక అమ్మాయి నవ్వుతూ ఏదో కొనమంటుంది. ఆ అమ్మాయి నవ్వు అయ్యేదాకా కాచుకోవాలి. ఆ తర్వాత మొగుడి బోటు కనిపిస్తుంది. నీలం నీళ్ళ మీద కట్టేసి ఉంటుంది, దాని మీద ఒక కొంగ. ఆమె దానికి ఐసు పంపేది. అది అట్టాగే ఉండిపోయేది. మళ్ళీ పంపడానికి ఐసు చాలకపోతే ప్రకటనలు చూసి చూసి సంపాదించి పంపేది.

గంట మాత్రం మోగలేదు.

ఒడ్డున చేపల వేలంపాట దగ్గర రెబెక్కమ్మ నోరు ఊరుకోలేదు. ఆమెదీ తట్ట బేరమే.

"ఏం పోలేరమ్మా, మీ ఆయన ఐసు పంపినాడంట. నాకూ రెండు గడ్డలు పంపమను. నెత్తళ్ళు మెత్తబడతాండాయి."

చుట్టూ నవ్వారు. నవ్వి, నవ్వినందుకు ఎవరికివాళ్ళు తల దించుకున్నారు. పోలేరమ్మ ఒక్కతే దించుకోలేదు.

"పంపుతాడులే రెబెక్కా. ముందు మనిషిని ఇల్లు చేరనీ."

ఆ మాట విన్న రెబెక్కమ్మ ఆ పొద్దు తనకు వచ్చిన కవళ్ళ చేపల్లో సగం తెచ్చి పోలేరమ్మ తట్టలో పోసి పోయింది.

పూటపూటకూ ఇద్దరికీ సరిపడా వండేది. మిగిలిన అన్నం కాకులకు పెట్టేది కాదు. కాకికి పెడితే పోయినవాడికి పెట్టినట్టవుతుంది. కుక్కకు వేయడానికి మనసొప్పదు. నీళ్ళు పోసి పెట్టుకుని మరునాడు తనే తినేది. మొగుడి వాటా, తన వాటా రెండూ తిని, ఆయాసపడుతూ కూర్చునేది.

"అమా, ఎందుకంత తింటావు? ఒళ్ళు పాడైపోద్ది" అనేది వినీల.

"అయితే ఎవరికి పెట్టమంటావు, చెప్పు" అనేది తల్లి.

ఇట్లా ఉండగా ఆట మారింది. కొత్త అప్‌డేటు వచ్చిందన్నారు. పోలేరమ్మ ఫోను పాతది. ఆట నొక్కితే తెర నల్లబడి, ఫోను పెనంలా కాలి, ఆట దానంతటదే మూసుకుపోయేది. చల్లబడేదాకా ఆగి మళ్ళీ నొక్కేది. మళ్ళీ అంతే. తడిగుడ్డ చుట్టి చూసింది. మట్టికుండకు ఆనించి చూసింది. ఎన్ని చేసినా మొగుడి బోటు కనిపించలేదు.

సరిగ్గా అప్పుడు గంట మోగింది. బట్టలు ఉతుకుతుంటే ఒకసారి, ఆటోలో కూర్చుని ఉంటే ఇంకోసారి. అవే పళ్ళు, అదే వంజరం. లోపలికి పోదామంటే ఆట తెరుచుకోదు. ఆమెకు పిచ్చెత్తినట్టయింది. ఆటను వినీల ఫోనులో తెరవమని ఆ పిల్లను బతిమాలింది. వినీల తన పాత పేరుతోనే ఆట మళ్ళీ పెట్టుకుని తెరిచి చూపించింది. తండ్రి బోటు కట్టేసిన చోటే ఉంది. వినీల చూడలేక వెంటనే మూసేసింది, మళ్ళీ తెరవలేదు.

"ఆయన పిలుస్తాండాడు, నేను పలకలేకుండా ఉండాను" అని పోలేరమ్మ పెంచల్ ఇంటికి పరుగెత్తింది. "నువ్వన్నా రారా. ఫోను బాగుచేయించు."

పెంచల్ ఆ ముఖం చూసి కాదనలేకపోయాడు. ఐసుపెట్టె అతని వైపు వచ్చిన రోజునుంచీ ఆమె ముఖం చూడడమే అతనికి కష్టంగా ఉంది.

వాకాడులో ఆసిమ్ ఫోన్ల కొట్టు ఉంది. పేరుకు కొట్టేగానీ, ఆ చుట్టుపక్కల ఆటలాడే వాళ్ళందరికీ అది రచ్చబండ. ఆ పొద్దు నరేంద్రబాబు కూడా ఉన్నాడు. రొయ్యల మేత అమ్మే ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే మనిషి. మేత లెక్కలు కొన్ని, కడలి వేట ఎక్కువ.

"రా అక్కా, కూచో" అని ఆసిమ్ స్టూలు వేశాడు. "ఏమయింది ఫోనుకి?"

"ఏమవుద్ది అన్నా, మీ కొత్త అప్‌డేటే" అన్నాడు పెంచల్. "పట్టుకో, దోసె పోసుకోవచ్చు."

నరేంద్రబాబు నవ్వాడు. "నేను ఎప్పుడో చెప్పినా. ఆట ఆడాలంటే కంప్యూటరు ఉండాల. ఈ డొక్కు ఫోన్లలో ఏం కనపడుద్ది? నా దాంట్లో అల లేస్తే నురగ లెక్కపెట్టొచ్చు."

"ఆ నురగ కోసమే గదయ్యా కొంప ముంచినారు" అని ఆసిమ్ విరుచుకుపడ్డాడు. "అలకి నురగ కావాల, చేపకి పొలుసు కావాల అని మీ కంప్యూటరోళ్ళు గోలపెడితిరి. వాళ్ళు పెట్టినారు. ఇప్పుడు మా ఫోన్లు ఊపిరాడక..." అని పోలేరమ్మను చూసి నాలుక కరుచుకున్నాడు.

"చెడగొట్టింది మేము కాదు. అమ్ముడుపోయే వలలు" అన్నాడు నరేంద్రబాబు. "కొన్నోడికి బంగారు వల, కొననోడికి చిల్లుల వల. వాడి వేటకీ మన వేటకీ పోటీ అంట!"

"ఐసు గూడా తొందరగా కరగబెడతాండారు" అన్నాడు పెంచల్. "కరిగితేనే గదా కొంటాం."

"కొనబాక. ఎవడు కొనమన్నాడు?"

"నువ్వు కొనలేదా? మొన్న పండక్కి నీ బోటుకి తెరచాప యాడిది?"

"అది సొగసు కోసం కొన్నా. గెలవడానికి కాదు."

"సొగసంట! నీ ముఖానికి ఎప్పుడన్నా పౌడరు కొన్నావా?"

ముగ్గురూ ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. పోలేరమ్మ స్టూలు మీద కూర్చుని, ఒళ్ళో ఫోను పెట్టుకుని, ఒక్కొక్క ముఖమే చూస్తున్నది. నురగ, పొలుసు, వల, తెరచాప. ఇవన్నీ తనకు తెలిసిన మాటలే. అయినా ఇందులో ఏ ఒక్కటీ తన మొగుడి దగ్గరికి తీసుకుపోవడం లేదు. సందు దొరికినప్పుడు అడిగింది.

"అబ్బయ్యా, ఐసు పంపాలంటే అవతల మనిషి ఉండాల గదా?"

ఆసిమ్ చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాడు.

"ఉండాల" అన్నాడు నరేంద్రబాబు. అతనికి సంగతి తెలియదు. "ఆ పేరుతో ఎవరో తెరిచి ఉండాల. ఇప్పుడు ఏ కంప్యూటర్లో నుంచైనా తెరవచ్చు."

"తెరవాలంటే ఓటీపీ రావాల" అన్నాడు ఆసిమ్ మెల్లగా. "సిమ్ము ఉండాల."

"సిమ్ము యాడుంది?" అన్నాడు నరేంద్రబాబు.

ఆసిమ్ ఆమె ఫోను తీసుకుని, వచ్చిన గంటలు ఎప్పుడెప్పుడు వచ్చాయో చూశాడు. చూసి ఏదో తట్టినట్టు తలెత్తాడు.

"అక్కా, ఈ ఆటోళ్ళు ఒక్కోసారి వాళ్ళే..."

పెంచల్ బల్ల కింద అతని కాలు తొక్కాడు. ఆసిమ్ ఆగిపోయాడు.

"ఫోను ఇక్కడ పెట్టి పో అక్కా. పాత ఆట ఎక్కించి ఇస్తా" అని బ్యాటరీ ఊడదీసి సొరుగులో పెట్టాడు.

కాలు తొక్కడం ఆమె చూసింది. వీళ్ళకు ఏదో తెలుసు. ఆయన ఎక్కడున్నాడో తెలిసి, తీసుకొచ్చేదాకా చెప్పకూడదనుకుంటున్నారు. బస్సులో కూర్చున్నంతసేపూ అదే అనుకుంది. మనిషి ఉండాల అన్నాడు గదా ఆ బాబు. కంప్యూటరు తెలిసినవాడు గదా.

తర్వాత కొన్నాళ్ళకు, పొద్దున పెరట్లో కూర్చుని పోలేరమ్మ కవళ్ళకు పొలుసు తీస్తున్నది. పక్కనే చేటలో ఇద్దరికి కొలిచిన బియ్యం. వినీల బావి దగ్గర ముఖం కడుక్కుంటున్నది. వినీల ఫోను రోలు మీద ఉంది.

'టంగ్' అన్నది.

"మీ నాయన! వినీలా, మీ నాయనే!"

కత్తి పారేసి, పొలుసుల చేత్తోనే ఫోను అందుకుంది. వినీల తడి ముఖంతో పరుగెత్తుకొచ్చింది గానీ అందుకోలేకపోయింది.

తెర మీద వంజరం లేదు. ఎండకు కళ్ళు చికిలించుకుని, చంకన తట్టతో, తిట్టడానికి నోరు తెరవబోతున్న ఆడమనిషి ఉంది.

పోలేరమ్మ ఫోనును దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఇది నేను గదా."

వినీల ఫోను కోసం చెయ్యి చాచింది.

"ఏం రాసినారో చదువు."

"వద్దులే అమా. ఇటియ్యి."

"చదవమంటాండానా!"

వినీల తల్లి భుజం మీదుగా వంగి చదివింది. "పోలేరమ్మ మీకు ఐసు పంపింది. మీ కోసం ఎదురు చూస్తోంది. రండి."

"నేను యాడ పంపినానే?" అన్నది పోలేరమ్మ. "నా ఫోను ఆసిమ్ కొట్లో ఉండాది. బ్యాటరీ గూడా పీకి పెట్టినాడు. నేను నీ ముందరే చేపలు తోముకుంటాండాను గదా."

తనే అన్న మాట తన చెవిన పడ్డాక ఆమె ఆగిపోయింది. చేతిమీది పొలుసులు తెర మీద అంటుకుని మెరుస్తున్నాయి.

వినీల తల్లి పక్కన కూలబడింది. "వాళ్ళే పంపుతారంట అమా. మనం ఆట తెరవడం మానేస్తే, మళ్ళీ రావాలని మనవాళ్ళ పేరు పెట్టి వాళ్ళే పంపుతారంట. పెంచల్ చిన్నాయన నాకు ముందే చెప్పినాడు. నీకు చెప్పేదానికి మాకెవరికీ నోరు రాలేదు."

పోలేరమ్మ అన్నీ తిరగేసుకుంది. ఫోను గూట్లో పడేసి ఉన్నప్పుడు వచ్చింది. కళ్ళప్పగించి చూసినన్నాళ్ళూ రాలేదు. ఆట తెరుచుకోనప్పుడు మళ్ళీ వచ్చింది. ఆయన టవరు అందినప్పుడు కాదు, తను కనబడనప్పుడల్లా వచ్చింది.

ఏడుస్తుందనుకుంది వినీల. తల్లి ఏడవలేదు. మిగిలిన కవళ్ళకు పొలుసు తీసింది, కడిగింది. చేటలో బియ్యం సగం తీసి డబ్బాలో పోసింది. పోస్తుంటే గింజలు కింద పడ్డాయి. వాటిని ఏరబోయి అక్కడే, డబ్బాకు తల ఆనించి కూర్చుండిపోయింది. అప్పుడు వచ్చింది ఆమె నోట్లోంచి ఒక అరుపు. పక్కిళ్ళలోంచి ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. అందరికన్నా ముందు వచ్చింది రెబెక్కమ్మే. బోటు మునిగిన రోజునుంచీ పాళెమంతా ఎదురుచూసిన అరుపు అది.

ఏడుపు సద్దుమణిగాక వినీలతో ఒక్క మాటన్నది. "మామకి చెప్పు. దర్భ కోయించమను."

ఒడ్డున ఆ తంతు జరిగే ముందు ఆమె ఒక్కతే వాకాడు పోయింది. ఆసిమ్ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. అప్పటికి అతనికీ కబురు అందింది.

"ఆ పొద్దే చెప్పుండాల్సింది అక్కా. నా తప్పే" అన్నాడు.

"నీ తప్పేముంది నాయనా. నా ఫోను ఇయ్యి."

బ్యాటరీ వేసి ఇచ్చాడు. పాత ఆట ఎక్కించాడు, తెరుచుకుంటున్నది. నీలం నీళ్ళు, కట్టేసిన బోటు, కొంగ.

"ఆయన పేరు నీ ఆటలోనుంచి తీసేయమంటావా?" అని అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

"తీసేస్తే?"

"ఇంక గంట మోగదు. ఆ బోటు గూడా కనపడదు."

"తీయకపోతే?"

"నువ్వు ఆట మానేసినప్పుడల్లా మోగుతానే ఉంటాది."

ఆమె బోటు వైపే చూస్తున్నది. "ఆయన గూడా ఆట మానేసినాడు గదా అబ్బయ్యా. మరి ఆయనకి?"

ఆసిమ్ సొరుగు మూశాడు. "ఆయనకి నీ పేరుతో పోతా ఉంటాది అక్కా. ఎదురు చూస్తాండావని, రమ్మని. ఫోను లేదు గదా. పోయి యాడనో నిలిచిపోద్ది. యాడనో నాకూ తెలియదు."

"అయితే తీయబాక" అన్నది. ఫోను కొంగున ముడేసుకుని కొట్టు దిగింది.

తర్వాత వచ్చిన అమావాస్యనాడు ఒడ్డున దర్భ మనిషిని కట్టారు. గళ్ళ చొక్కా తొడిగారు. గడ్డి చేతులు చొక్కాలో నిలవక కిందికి వేలాడాయి. పోలేరమ్మ దగ్గరికి పోయి, చొక్కా గుండీలు తనే పెట్టింది. మొగుడు ఎప్పుడూ పై గుండీ పెట్టుకునేవాడు కాదు. దాన్ని వదిలేసింది. కొడుకు లేడు కాబట్టి పెంచల్ నిప్పు పెట్టాడు. దర్భ ఒక్క మంటకే అంటుకుంది. మనిషి కాలినంత సేపు కూడా పట్టలేదు. గాజులు పగలగొడుతుంటే పోలేరమ్మ చేతులు ఇచ్చేసింది, ముఖం మాత్రం సముద్రం వైపే పెట్టుకుంది. పెంచల్ ఇసకలో పడి ఏడుస్తుంటే చిన్నబాబు లేపాడు.

వినీల కొన్నాళ్ళుండి చిల్లకూరు పోయింది. పోలేరమ్మ తట్ట ఎత్తుకుని మళ్ళీ ఊళ్ళు తిరుగుతున్నది. ఆట ముట్టుకోలేదు.

ఒకనాడు మధ్యాహ్నం ఒక్కదానికే ఎసరు పెట్టుకుంటుంటే ఫోను 'టంగ్' అన్నది. చూడకపోయినా వంజరం తెలుసు. ఎవరు పంపారో తెలుసు, ఎందుకు పంపారో తెలుసు. అయినా చెయ్యి బియ్యం డబ్బాలోకి పోయి ఇంకో గ్లాసు ముంచింది. ముంచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. పోయలేదు, వెనక్కి వంచలేదు.

గ్లాసు పట్టుకునే వాకిట్లోకి వచ్చింది. ఎండలో సముద్రం తెల్లగా మెరుస్తున్నది. ఆ కొసనుంచి ఈ కొసదాకా చూసింది. బోటు లేదు.

లోపల ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది.